ఎలక్ట్రానిక్ వ్యర్థాలు: చట్టాలు, రుసుములు, స్త్రీల శ్రమ

(మహిళా సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టాల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరు, ఇది కాలుష్య నియంత్రణ మండలి చూసుకోవాల్సిన విషయం కదా, దీనికీ స్త్రీల హక్కులకూ సంబంధమేమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కనీస వేతనాల చట్టంలోనో, గృహహింస చట్టంలోనో స్త్రీ ఎక్కడ నిలబడి ఉందో మనకు తెలుస్తుంది. పాడైపోయిన కంప్యూటర్ ఎక్కడికి పోవాలో చెప్పే నిబంధనల్లో ఆమె ఎక్కడుందో వెతకాలి. ఆ వెతుకులాటలో నాకు కనిపించినవి మీ ముందు పెడతాను.

మన ఇళ్ళ దగ్గర జరిగేదానితో మొదలుపెడదాం. పాత ఇనుప సామాన్లు కొంటామంటూ మైకు పెట్టుకుని ఆటో వస్తుంది. నా చిన్నతనంలో ఆ మనిషి సైకిలు మీద గంప కట్టుకుని వచ్చి, పాత ఇనుముకు ఉల్లిగడ్డలో బఠాణీలో ఇచ్చేవాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు వేరే వచ్చేవారు. బేరం ఎప్పుడూ ఇంటి ఇల్లాలిదే. మగవాళ్ళు దాన్ని చిల్లర బేరమని వదిలేసేవారు. ఇప్పుడు ఆ తక్కెడలోకి మాడిపోయిన మిక్సీ, బొమ్మ రాని టీవీ, ఉబ్బిన ఫోను బ్యాటరీ, పిల్లవాడి పాత లాప్‌టాప్ కూడా చేరుతున్నాయి. మనకు చేతికి ఎంతో కొంత వస్తుంది. అంటే మన దేశంలో పారేసే వస్తువు ఖర్చు కాదు, చిన్నపాటి ఆదాయం.

ప్రపంచంలో చాలాచోట్ల ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ పారేసేవాళ్ళే డబ్బు కట్టాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టాలన్నీ ఆ అలవాటులోంచి పుట్టినవే. అందుకని ముందు ఆ రుసుముల సంగతి కొంచెం తెలుసుకోవాలి.

జపాన్‌లో గృహోపకరణాల రీసైక్లింగ్ చట్టం 2001 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్, ఏసీ వదిలించుకోవాలంటే ఆ ఇంటివాళ్ళే ఆ రోజున రుసుము చెల్లించాలి. పారేసేటప్పుడు డబ్బు అడిగితే కొందరు రాత్రిపూట కొండ పక్కన పడేసి వస్తారు. అక్కడా అదే జరిగింది, మనుషులు ఎక్కడైనా మనుషులే. అమెరికాలోని కాలిఫోర్నియా 2003లో వేరే దారి ఎంచుకుంది. కొనేటప్పుడే రుసుము తీసుకోవాలంది. 2005 జనవరి 1 నుంచి టీవీకీ కంప్యూటర్ తెరకూ దాని సైజును బట్టి 6, 8, 10 డాలర్లు దుకాణంలోనే వసూలు చేశారు. ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వ నిధిలోకి వెళ్తుంది. అక్కడినుంచి సేకరించేవాళ్ళకూ విడగొట్టేవాళ్ళకూ తూకం లెక్కన చెల్లిస్తారు. ఖర్చును బట్టి ఆ రుసుము పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. 2022లో చేసిన మరో చట్టం ప్రకారం 2026 జనవరి నుంచి లోపల బ్యాటరీ బిగించి ఉన్న వస్తువుల మీద కూడా ధరలో ఒకటిన్నర శాతం, 15 డాలర్లకు మించకుండా, వసూలు చెయ్యాలని నిర్ణయించారు. ఐరోపాలో 2003 నాటి ఆదేశం బాధ్యతను తయారీదారుల మీద పెట్టింది. తయారీదారు దాన్ని ధరలో కలుపుకుంటాడు, కొనేవాళ్ళు కడతారు.

కాలిఫోర్నియా పద్ధతిలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. సేకరించేవాళ్ళ పనికి డబ్బు చెల్లించాలని అది చట్టంలోనే రాసుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన నిబంధనల దగ్గర దీనితో పని పడుతుంది.

అయితే రుసుము కట్టినంత మాత్రాన వస్తువు ఎవరి చేతుల్లోకి వెళ్తుందో చెప్పలేం. 2002లో బేసెల్ యాక్షన్ నెట్‌వర్క్, మరికొన్ని సంస్థలు కలిసి ఒక నివేదిక ప్రచురించాయి. అందులో మన దేశపు టాక్సిక్స్ లింక్ కూడా ఉంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రీసైక్లింగ్ పేరుతో సేకరించిన సరుకులో 50 నుంచి 80 శాతం ఓడలెక్కి ఆసియాకు వస్తోందని అంచనా వేసింది. చైనాలోని గుయియు, ఢిల్లీ, కరాచీ ఆ నివేదికలో ఉన్నాయి. ప్రమాదకర వ్యర్థాల రవాణా మీద 1989లో కుదిరిన బేసెల్ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది, అమెరికా ఆమోదించలేదు. ఇక అమెరికా లోపలే మిగిలిపోయిన సరుకులో కొంత ఫెడరల్ జైళ్ళకు వెళ్ళింది. ఖైదీలు సుత్తులతో పాత తెరలు పగలగొట్టారు. వాళ్ళూ, జైలు సిబ్బందీ సీసానికీ కాడ్మియానికీ గురయ్యారని ఆ దేశ న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2010లో నివేదిక ఇచ్చారు. రుసుము కట్టిన గృహిణికి ఇదేమీ తెలియదు. ఆమె తన బాధ్యత నెరవేరిందనే అనుకుంటుంది. డబ్బు కట్టడం ఒకచోట, ఒళ్ళు అరగదీసుకోవడం మరొకచోట. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఏ రసీదూ చూపించదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు ప్రత్యేకంగా నిబంధనలు మన దేశంలో మొదటిసారి 2011లో వచ్చాయి. 2012 మే 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు వీటిని ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందే చూసేవారు. 2011 నిబంధనలు ఉత్పత్తిదారు బాధ్యత అన్నాయి కానీ ఎంత సేకరించాలో చెప్పలేదు. ఎంతో చెప్పని బాధ్యతను ఎవరు పట్టించుకుంటారు? 2016లో కొత్త నిబంధనలు వచ్చి లక్ష్యాలు పెట్టాయి. 2018లో సవరించి ఆ లక్ష్యాలను 10 శాతం దగ్గర మొదలుపెట్టి ఏటేటా పెంచుకుంటూ పోవాలన్నాయి. వస్తువు కొన్నప్పుడు కొంత డబ్బు డిపాజిట్‌గా ఉంచుకుని, పాతది తిరిగి తెచ్చినప్పుడు వాపసు ఇచ్చే పద్ధతి కూడా 2016 నిబంధనల్లో ఉంది. సోడా బుడ్డికి డబ్బు వాపసు ఇచ్చినట్టన్నమాట. కాని అది ఉత్పత్తిదారు ఇష్టానికి వదిలారు. ఇష్టపడినవాళ్ళను నేను చూడలేదు.

2016 నిబంధనల్లో మనకు కావలసిన ఒక మాట ఉంది. చాలామంది చదవకుండా దాటిపోయిన మాట అది. వ్యర్థాలను విడదీసే, రీసైకిల్ చేసే పనిలో ఉన్న కార్మికులను గుర్తించి రిజిస్టర్ చెయ్యాలని, వాళ్ళు బృందాలుగా ఏర్పడి సొంత కేంద్రాలు పెట్టుకోవడానికి సాయపడాలని, నైపుణ్య శిక్షణ ఇవ్వాలని, ఏటా వాళ్ళ ఆరోగ్య భద్రతను పరిశీలించాలని రాష్ట్ర కార్మిక శాఖకు అందులో బాధ్యత అప్పగించారు. పారిశ్రామిక వాడల్లో షెడ్లు కేటాయించడం పరిశ్రమల శాఖ బాధ్యత. కాగితం మీద ఇంత మంచి మాట అసంఘటిత రంగం గురించి అరుదుగా దొరుకుతుంది. మనలో ఎంతమందిమి మన జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఆ రిజిస్టరు చూపించండని అడిగాం?

ఆ తర్వాత 2022 నవంబర్‌లో మళ్ళీ కొత్త నిబంధనలు ప్రకటించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మునుపు 21 రకాల వస్తువులకు వర్తించేవి ఇప్పుడు 106 రకాలకు వర్తిస్తున్నాయి. సోలార్ పలకలు కూడా చేరాయి. ఇది మంచి మార్పే. మిగిలినదాన్ని కొంచెం నిదానంగా చూడాలి.

ఈ నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నలుగురు రిజిస్టర్ చేసుకోవాలి: తయారుచేసేవారు, మార్కెట్‌లో అమ్మే ఉత్పత్తిదారు, బాగుచేసి తిరిగి అమ్మేవారు, రీసైకిల్ చేసేవారు. ఇంతకుముందు సేకరణ కేంద్రాలకూ విడగొట్టేవారికీ విడిగా ఉన్న గుర్తింపు ఈ జాబితాలో లేదు. ఒక కంపెనీ కొన్నేళ్ళ కిందట అమ్మిన సరుకు ఎన్ని టన్నులో లెక్కకట్టి, అందులో ఇంత శాతం రీసైకిల్ అయినట్టు చూపించాలంటారు. మొదటి రెండేళ్ళకు 60 శాతం, తర్వాత రెండేళ్ళకు 70, 2027-28 నుంచి 80 శాతం. చూపించడమంటే కంపెనీ మన ఇంటికొచ్చి పాత టీవీ పట్టుకెళ్ళనక్కర్లేదు. రిజిస్టర్ అయిన రీసైక్లర్ ఇన్ని టన్నులు చేశానని పోర్టల్‌లో ఎక్కిస్తే అతనికి సర్టిఫికెట్లు పుడతాయి. కంపెనీ వాటిని కొంటుంది. లక్ష్యం పూర్తయినట్టే. రేషన్ కూపన్లు చేతులు మారినట్టు ఈ సర్టిఫికెట్లు చేతులు మారతాయి. కూపన్లలో జరిగేవన్నీ ఇందులోనూ జరుగుతాయి. ప్లాస్టిక్ విషయంలో ఇలాంటి పద్ధతిలోనే నకిలీ సర్టిఫికెట్లు లక్షల్లో పుట్టాయని 2023లో బయటపడింది.

సర్టిఫికెట్లకు ధర మరీ పడిపోతే రీసైకిల్ చేసినట్టు కాగితం మాత్రమే మిగులుతుందని ప్రభుత్వం 2024లో ధరకు పైహద్దు, కింద హద్దు పెట్టింది. లక్ష్యం చేరని కంపెనీ చెల్లించాల్సిన పరిహారంలో 30 శాతం కనిష్ఠ ధర, 100 శాతం గరిష్ఠ ధర. ఆ లెక్కన గృహోపకరణాలకు కిలోకు 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలు కనీసం చెల్లించాలి. దీని మీద 2025లో డైకిన్, హిటాచీ, శామ్‌సంగ్, ఎల్జీ లాంటి పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. ధర నిర్ణయించడం ప్రభుత్వం పని కాదని, తమ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుందని వాటి వాదన. పత్రికల్లో ఇది కంపెనీలకూ ప్రభుత్వానికీ మధ్య తగాదాగా వచ్చింది.

కోర్టులో వాదన ఎటు తేలినా నా ప్రశ్న వేరు. ఆ 22 రూపాయలు ఎవరి చేతికి వెళ్తాయి? రిజిస్టర్ అయిన రీసైక్లర్ చేతికి. అతనికి సరుకు ఎక్కడినుంచి వస్తుంది? తుక్కు వ్యాపారి దగ్గరినుంచి. వ్యాపారికి చిన్న దుకాణాల నుంచి. చిన్న దుకాణానికి ఇళ్ళ మీద తిరిగి కొనుక్కొచ్చేవాళ్ళ నుంచి, చెత్తకుప్పల్లో ఏరేవాళ్ళ నుంచి, దుకాణం వెనక గోనెపట్టా మీద కూర్చుని వైర్లు వేరు, బోర్డులు వేరు చేసే స్త్రీల నుంచి. వీళ్ళెవరికీ ఆ పోర్టల్‌లో పేరు లేదు. పేరు లేనివాళ్ళకు ఆ డబ్బులో వాటా అడిగే చోటూ లేదు. సేకరణకు ఇంత, విడదీయడానికి ఇంత అని కాలిఫోర్నియాలో చట్టమే చెప్తుంది. మనది రీసైక్లర్ దయకు వదిలేసింది.

దేశంలో 2021-22లో 16 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుట్టాయని, అందులో సుమారు 5 లక్షల 27 వేల టన్నులు, అంటే మూడో వంతు, సక్రమంగా సేకరించి శుద్ధి చేశామని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. మిగతా రెండు వంతులు ఎక్కడికి పోయాయి? మన వీధుల్లో అవేమీ గుట్టలుగా పడిలేవు కదా. అంటే ఎవరో చేస్తున్నారు. ఎవరి పనిని లెక్కించడం లేదో వాళ్ళే దేశంలో ఎక్కువ పని చేస్తున్నారు.

హైదరాబాద్‌లో ఈ గొలుసు ఎలా సాగుతుందో కొన్నాళ్ళు చూశాను. మంచి స్థితిలో ఉన్న ఫోన్లు, బోర్డులు జగదీశ్ మార్కెట్ లాంటి చోట్లకు రిపేరుకు వెళ్తాయి. అక్కడ బల్లల ముందు కూర్చుని టంకం పెట్టేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. రిపేరు ఒక విద్య, దానికి గురువూ శిష్యుడూ ఉంటారు. పనికిరానివి తుక్కు దుకాణాలకు వెళ్తాయి. అక్కడ విడదీసే పని దగ్గర స్త్రీలు కనిపిస్తారు. బోర్డుల్లోంచి లోహం తీసే పని ఎక్కువగా మన దగ్గర కాదు, ఉత్తరాదికి లారీల్లో పోతుంది. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఆ పనికి పేరుపడ్డాయి. మొరాదాబాద్‌లో అది ఇళ్ళలోకే వచ్చేసింది. వంట చేసుకునే చోటుకు నాలుగడుగుల దూరంలో బోర్డులు కాల్చి చిప్పులు ఊడదీస్తారు, బూడిద కడిగి లోహం తీస్తారు. కంసాలి వీధుల కాలువల్లో మట్టి కడిగి బంగారు రవ్వలు ఏరుకునే కుటుంబాలు మన ఊళ్ళలోనూ ఉండేవి. ఆ పని ఇప్పుడు యాసిడ్‌తో జరుగుతోంది. అంతే తేడా అనుకుంటే పొరపాటు, ఆ మట్టిలో సీసం లేదు.

ఒక తుక్కు దుకాణంలో పనిచేసే ఆమెతో చాలాసేపు మాట్లాడాను. ఆమె చేతి గోటితో గీకి, చెవి దగ్గర తట్టి ఏ ప్లాస్టిక్ ఏ రకమో చెప్పగలదు. తీగను వంచి చూసి అసలు రాగో, పూతో చెప్పేస్తుంది. దాన్ని యజమాని పనితనం అనడు. ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువ, కూర్చోబెడితే చేస్తారంటాడు. చాటతో బియ్యంలో రాళ్ళు ఏరడానికి ఎలా విలువ లేదో దీనికీ అలాగే లేదు. ప్రభుత్వం ఇలాంటి పనివాళ్ళ పేర్లు రాసుకోవాలని నిబంధన ఉందని చెప్తే ఆమె సంతోషించలేదు. రాసుకోవడానికి వచ్చేది మున్సిపాలిటీవాళ్ళా, పోలీసులా అని అడిగింది. రాసుకున్నాక దుకాణం మూయించేస్తే మా సంగతేమిటక్కా అన్నది. చట్టం అంటే ఆమె అనుభవంలో తాళం వెయ్యడమే.

ఈ భయానికి కారణం ఉంది. ఇలాంటి చోట్ల అధికారులకు తెలిసిన మందు దాడి. ఒక వాడలో కాల్చడం ఆపిస్తే అది ఊరి చివరికి, రాత్రివేళకు మారుతుంది. ఇంకా చీకట్లోకి, ఇంకా ఇళ్ళలోకి వెళ్తుంది. ఇంట్లోకి వెళ్ళిందంటే స్త్రీల మీదికీ పిల్లల మీదికీ వచ్చిందనే.

ఆరోగ్యం సంగతి నేను డాక్టర్‌ను కాను కనుక క్లుప్తంగా చెప్తాను. కాని మన కార్యకర్తలకు ఇది తప్పక తెలియాలి. పాత రకం టీవీ గొట్టంలో కిలోల లెక్కన సీసం ఉంటుంది. టంకంలో సీసం, కొన్ని బ్యాటరీల్లో కాడ్మియం, తెర వెనక సన్న దీపాల్లో పాదరసం ఉంటాయి. వైరు కాల్చిన పొగలో డయాక్సిన్లు ఉంటాయి. సీసం ఒంట్లో చేరి ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. గర్భం వచ్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోని కాల్షియంతో పాటు అదీ రక్తంలోకి వస్తుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. అంటే పదేళ్ళ కిందట ఆ పని మానేసిన స్త్రీకి కూడా ప్రమాదం పూర్తిగా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో అసంఘటిత వ్యర్థాల రంగంలో పనిచేస్తున్న స్త్రీలు కోటీ 29 లక్షల మంది. వాళ్ళతో పాటు వాళ్ళ కడుపులో బిడ్డలూ ఈ విషాలకు గురయ్యే ప్రమాదంలో ఉన్నారని ఆ నివేదిక హెచ్చరించింది.

ఇక్కడ చట్టం వేసిన వింత వేషం ఒకటి చెప్పాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 87వ సెక్షన్ ఉండేది. ప్రమాదకరమైన పనుల్లో స్త్రీలను నియమించకుండా నిషేధించే అధికారం దాని కింద రాష్ట్రాలకు ఉండేది. సీసంతో పనిచేసే చోట్ల ఆ నిషేధాలు రాశారు. ఫ్యాక్టరీలో, గాలి పీల్చే యంత్రం, చేతి తొడుగులు, డాక్టరు పరీక్ష, వేతన చట్టం అన్నీ ఉండే చోట స్త్రీకి ప్రవేశం లేదు. అదే పని ఇంటి వసారాలో, తొడుగు లేకుండా, కిలోకింతని చేస్తే అడిగేవాడు లేడు. మనల్ని కాపాడడం పేరుతో బయటికి నెట్టారు. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. కోడ్ ప్రకారం విద్యుత్తు వాడేచోట 20 మంది, వాడనిచోట 40 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. పాత చట్టంలో అవి 10, 20. తుక్కు దుకాణాల వెనక పనిచేసే షెడ్లలో అంతమంది ఉండేవి ఎన్ని?

ఇంకో సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు బిగిస్తున్నారు. ఆ వరుసల్లో నిలబడి పనిచేసేవాళ్ళలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన యువతులు. వస్తువు పుట్టుక దగ్గర ఆడపిల్లల వేళ్ళు సన్నవంటారు, చావు దగ్గర ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువంటారు. ఆ రెంటి మధ్యనున్న రిపేరు, అమ్మకం, లాభం మాత్రం మగవాళ్ళకు సరిగ్గా సరిపోయే పనులు కాబోలు.

మీరంటారు, ఇంత విషపూరితమైన పనిలో స్త్రీలు ఉండాలని ఎందుకు వాదిస్తున్నారు, మాన్పించాలి కదా అని. ఒక పర్యావరణ సదస్సులో నన్ను ఇదే నిలదీశారు. నా జవాబు ఏమిటంటే, ఈ పని ఒక్క ముద్ద కాదు. ఇంటింటా సేకరించడం, రకాలుగా వేరు చెయ్యడం, మరలు ఊడదీసి విడదీయడం – వీటిని బల్ల, వెలుతురు, గాలి, తొడుగులు ఉంటే, మామూలు జాగ్రత్తలతో చెయ్యవచ్చు. వైరు కాల్చడం, యాసిడ్‌లో ముంచడం, టీవీ గొట్టం పగలగొట్టడం ఎవరూ చెయ్యకూడదు, మగవాళ్ళు కూడా. బోర్డుల నుంచి లోహం తీసే పద్ధతులను హైదరాబాద్‌లోని సీ-మెట్ సంస్థలో ఇప్పటికే రూపొందించారు. మొదటి రకం పని స్త్రీల చేతిలో మంచి కూలితో ఉండి, రెండో రకం పని యంత్రాలకు చేరాలంటే ఆ మధ్య తేడాకు డబ్బు కావాలి. రుసుము అనేది ఉన్నదే ఇందుకు. బోర్డు కాల్చి బంగారం తీసినవాడు ఎక్కువ ధర ఇస్తాడు. కాల్చకుండా అప్పగిస్తే వచ్చే నష్టాన్ని భర్తీ చెయ్యకపోతే, ఆకలితో ఉన్న మనిషికి పర్యావరణ పాఠం చెప్పడం అన్యాయం.

మన సర్టిఫికెట్ల లెక్కలో దీనికి విరుద్ధమైనది ఒకటుంది. ఆ లెక్క బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే 4 లోహాల మీద నడుస్తుంది. వీటికి బజారులో ఎలాగూ ధర ఉంది. సీసం కలిసిన టీవీ గాజుకు, పాదరసం ఉన్న దీపానికి ధర లేదు. ధర లేనిదే కాలువ పక్కన పడేది. రుసుము ముందు దానికి చెల్లించాలి. దీనికి తోడు 2022 జూలైలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. బిల్లు రాసి కొనేవాడికి అది భారం, బిల్లు లేకుండా కొనేవాడికి లాభం. ఒక చేత్తో అందరూ క్రమబద్ధం కండంటూ రెండో చేత్తో అలా కాకుండా ఉండడమే గిట్టుబాటు చేశారు.

మరి ఎక్కడైనా దారి దొరికిందా? కొంతవరకు. పుణెలో చెత్త ఏరే కార్మికుల సంఘం కాగద్ కాచ్ పత్ర కష్టకరి పంచాయత్ 1993లో మొదలైంది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్ళు ముందు గుర్తింపు కార్డులు సాధించారు. తర్వాత 2008లో ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం ద్వారా పుణె నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటా సేకరణ తమ పనిగా చేసుకున్నారు. ఇళ్ళవాళ్ళు నెలకింతని వాళ్ళకే రుసుము చెల్లిస్తారు. వస్తువు అమ్ముకునే హక్కూ వాళ్ళదే. పాత ఎలక్ట్రానిక్ వస్తువులను కూడా వాళ్ళు సేకరిస్తున్నారు. బెంగళూరులో ‘హసిరు దళ’ ఇలాంటి కృషే చేస్తోంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, వాళ్ళెవరూ మమ్మల్ని కరుణించండని అడగలేదు. మేం చేసేది నగరానికి సేవ, దానికి రుసుము ఇవ్వండన్నారు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో చెత్త ఏరేవాళ్ళకు ఒక నిర్వచనం, గుర్తింపు చేరడం వెనక అలాంటి సంఘాల పోరాటం ఉంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల్లో ఆ పోరాటం ఇంకా జరగాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లో మెప్మా కింద పొదుపు సంఘాలున్నాయి. ఈ సేకరణను వాటికి అప్పగించవచ్చు కదా అని కొందరు అధికారులు అంటున్నారు. నాకు ఇందులో ఆశా ఉంది, అనుమానమూ ఉంది. పొదుపు సంఘాల స్త్రీల చేత సర్వేలు చేయించి, మీటింగులకు జనాన్ని తోలించి, అదంతా సాధికారత అని పేరుపెట్టడం మనం చూశాం. ఉచితంగా చేయించుకోవడానికైతే ఒప్పుకోవద్దు. కిలోకు 22 రూపాయల్లో సేకరించినవాళ్ళకు ఇంత, విడదీసినవాళ్ళకు ఇంత అని నిబంధనలోనే రాయాలి, ఆ డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాలో పడాలి. ఇప్పటికే ఆ పనిలో ఉన్న తుక్కు స్త్రీలను తోసేసి, కొత్త సంఘాలను తెచ్చి కూర్చోబెట్టకూడదు. వాళ్ళు చాలామంది దళితులు, ముస్లింలు, వలస వచ్చినవాళ్ళు. కొందరికి రేషన్ కార్డు కూడా ఉండదు. సంఘంలో చేర్చుకునేటప్పుడు మన నమూనా ఫారంలో అడ్రసు రుజువు గడి దగ్గరే వాళ్ళు ఆగిపోతారు.

చివరిగా మన సంస్థల సంగతి. ఏడాదిలో 1000 వస్తువులు వాడిన సంస్థలను చట్టం పెద్ద వినియోగదారులుగా లెక్కిస్తుంది. అవి రిజిస్టర్ అయినవాళ్ళకే అప్పగించాలి. మన ఆఫీసులు అంత పెద్దవి కావు. అయినా మన అలమారాల్లో పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, ఫోన్లు ఉన్నాయి. ఆడిటర్ కొట్టివెయ్యమనగానే ఎక్కువ ధర చెప్పిన తుక్కువాడికి వేసేస్తున్నాం. ఎక్కువ ధర ఎలా ఇవ్వగలుగుతున్నాడో ఇప్పుడు మీకు తెలుసు. యూనివర్సిటీలు, కలెక్టరేట్లు, ఆసుపత్రులు వేలం వేసేటప్పుడు ఎవరికి వేస్తున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

రాబోయే మూడు నెలల్లో మీ మీ జిల్లాల్లో రెండు ప్రశ్నలు లిఖితపూర్వకంగా అడగండి. ఒకటి కార్మిక శాఖను: ఎలక్ట్రానిక్ వ్యర్థాలు విడదీసే కార్మికులను ఎంతమందిని గుర్తించారు, వాళ్ళలో స్త్రీలు ఎంతమంది. రెండోది కాలుష్య నియంత్రణ మండలిని: జిల్లాలో రిజిస్టర్ అయిన రీసైక్లర్లు సరుకు ఎవరి దగ్గర కొంటున్నారు, కిలోకు ఎంత చెల్లిస్తున్నారు. అయితే దరఖాస్తు పెట్టేముందు తుక్కు దుకాణాల్లో పనిచేసే స్త్రీలతో మాట్లాడండి. దాడి జరిగితే నష్టపోయేది వాళ్ళు, మనం కాదు. దరఖాస్తులో ఏ వాడ పేరు రాయాలో, ఏది రాయకూడదో వాళ్ళనే చెప్పనివ్వండి. వచ్చిన జవాబులు పత్రికకు పంపితే వచ్చే సంచికలో అన్నీ కలిపి చూద్దాం.